పేజీ 212, పై బొమ్మ

జూన్ 9, సోమవారం

ముప్పై ఆరేళ్ళ కిందట డార్క్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి ప్రొఫెసర్ నాకు మాట ఇచ్చాడు. "పుస్తకం మొదటి పేజీలో నా పేరు, దాని కింద నీ పేరు. ఇది నా మాట," అన్నాడు. నా చేతులు మందునీళ్ళలో ఉన్నాయి కాబట్టి భుజం తట్టి వెళ్ళాడు. పిల్లల ఒంటిమీద అరుదుగా వచ్చే దద్దుర్లు, మచ్చలు, వలయాలు, చారలు. మొత్తం రెండువందల పధ్నాలుగు ఫొటోలు, చర్మవ్యాధుల విభాగం ఫొటోగ్రాఫర్‌గా నేను తీసినవి. పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో ఆయన పేరుంది. దాని కింద ప్రెస్సు పేరుంది.

మానేసిన డైరీ మళ్ళీ తెరిచింది ఇందుకు కాదు. ఈ పొద్దున పిచ్చుక చెయ్యి చూశాను.

పిచ్చుక అంటే మనవరాలు. అయిదేళ్ళు. లేచిన దగ్గర్నుంచి నోరు మూత పడదు కాబట్టి ఆ పేరు. ఎడమచేతి వెనకపక్క, చూపుడువేలు మొదట్లో, చొక్కా గుండీ అంత వలయం. అంచు పూసలు గుచ్చినట్టు ఉబ్బెత్తుగా ఉంది. మధ్యలో మామూలు చర్మం. పొట్టు రాలడం లేదు. దురద లేదు.

కోడలు షూస్ వేసుకుంటూ అడిగింది. "మీరు ఆస్పత్రిలో అన్నేళ్ళు పనిచేశారు కదా మామయ్యా, ఏమంటారు?"

"నేను ఫొటోలు తీసేవాణ్ణమ్మా. డాక్టర్ని కాను," అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఆ విభాగంలో అందరూ నాకు చెప్పిన మాటే. అప్పజెప్పాను.

జూన్ 11, బుధవారం

స్కూలు నుంచి పిల్లని వెనక్కి పంపారు. టీచరమ్మ చీటీ రాసింది: అంటుకునే జబ్బు కాదని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా క్లాసులో కూర్చోబెట్టం. గేటు దగ్గర, మిగతా తల్లులందరి ముందు ఇచ్చిందట. కోడలు బస్ డిపోలో టైంకీపరు. బస్సు నిమిషం ఆలస్యమైనా డ్రైవర్ల మీద విరుచుకుపడే మనిషి, ఆ చీటీ చేత్తో పట్టుకుని ఏమీ అనకుండా వచ్చేసింది. మా అబ్బాయి రైల్వే సిగ్నళ్ళ రిపేర్ల మీద తిరుగుతూ ఉంటాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కాబట్టి క్లినిక్‌కి ముగ్గురం వెళ్ళాం.

పిల్లల డాక్టరమ్మకి ముప్పై అయిదు దాటి ఉండవు. చల్లని మనిషి. పిచ్చుక చెయ్యి దీపం కిందికి లాగి చూసింది. బల్ల మీది పుస్తకాల్లోంచి ఒకటి తీసింది. అట్ట మీద రంగు వెలిసిపోయినా నేను వీపు చూసి గుర్తుపట్టాను. సొంత బిడ్డని జనంలో వెనకనుంచి గుర్తుపట్టమా?

పేజీ 212 తెరిచింది. "చూడండి, పై బొమ్మ. అచ్చం ఇదే. తామర. క్రీము రాస్తాను, రోజూ రెండుసార్లు పూయండి. తగ్గేదాకా స్కూలు వద్దు. మిగతా పిల్లలకి అంటుకుంటుంది."

ఆ బొమ్మలో చెయ్యి నాకు తెలుసు. గోళ్ళు కొరుక్కునే పిల్లాడు, ఫ్లాష్ కొడితే నొప్పి పుడుతుందా అని మూడుసార్లు అడిగాడు. వాడికున్నది తామర కాదు. గ్రాన్యులోమా యాన్యులేర్ అంటారు. చాలా తక్కువమందికి వస్తుంది. అంటుకోదు, ఏ హానీ చెయ్యదు, దానంతటదే పోతుంది. అసలు తామర ఉన్నది కింది బొమ్మలో, పొట్టు రాలుతున్న చెయ్యి. పేజీ 212లో రెండు బొమ్మలూ తారుమారయ్యాయి. పైదాని కింద ఉండాల్సిన పేరు కిందిదానికి, కిందిదాని పేరు పైదానికి.

నాకిది పుస్తకం వచ్చిన రోజునుంచీ తెలుసు. నా పేరు కోసం పేజీ పేజీ వెతికినప్పుడు చూశాను. అప్పుడు మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇవాళా చెప్పలేదు.

జూన్ 12, గురువారం

క్రీము పొద్దున, సాయంత్రం. నేనే పూస్తున్నాను.

జూన్ 19, గురువారం

వారమైంది. వలయం తగ్గకపోగా చీలమండ మీద ఇంకోటి లేచింది. లేస్తుంది. దాని తీరే అంత.

పగలంతా పిచ్చుక నాతోనే. కోడలు ఆరింటికి వెళ్ళి మూడింటికి వస్తుంది. పిల్ల ఇవాళ నా పెన్ను లాక్కుని నా చేతి మీద గుండ్రంగా గీసింది.

"ఇప్పుడు నిన్నూ స్కూల్‌కి రానివ్వరు తాతా."

"నాకు స్కూలెందుకే?"

"ఊరికే. ఇద్దరం ఉంటాం అని."

తర్వాత కిటికీ దగ్గర చేరి వీధిలో యూనిఫాం వేసుకుని పోయే పిల్లల్ని చూస్తూ, తన చోట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో అని అడిగింది. రెండో బెంచి, గోడ పక్క. జడలో ఎర్ర రిబ్బను పిల్ల ఆ చోటు ఎవరికీ ఇవ్వనని ఒట్టేసిందట. "కానీ అదే ఇంకొకళ్ళని కూర్చోబెట్టేస్తే?" అంది. ఒట్లు వేసేవాళ్ళ గురించి నాకు తెలిసినది చెప్పబోయి నోరు మూసుకున్నాను. అయిదేళ్ళకే ఆ పాఠం ఎందుకు.

పై అంతస్తు రిటైర్డ్ లెక్కల మాస్టారు తన మనవణ్ణి మా గుమ్మం దాటేటప్పుడు గోడకేసి నడిపిస్తున్నాడు. మనిషి వీసం ఎత్తు మారలేదు. నీళ్ళ టాంకీ గొడవలోనూ ఇంతే.

జూన్ 23, సోమవారం

నాకు నేను ఒకసారి స్పష్టంగా చెప్పుకోవాలి.

పుస్తకం నాది కాదు. నాదని ఎక్కడా రాసి లేదు. నాది కాని పుస్తకంలో తప్పు దిద్దే హక్కు నాకెక్కడిది? బొమ్మలు తారుమారు చేసింది ప్రెస్సువాళ్ళు. చూసుకోవాల్సింది పుస్తకం రాసిన మనిషి. మధ్యలో నేనెవర్ని?

ఆ రోజుల్లో మా ఆవిడ అంది, "పోనీ ఒక్క ముక్క రాసి పడెయ్యండి, మీ కడుపుమంట మీ దగ్గరే ఉంచుకోండి, తప్పయితే దిద్దుకుంటారు." నేను రాయలేదు. ఆవిడతో చెప్పని సంగతి ఇక్కడ చెప్తే ఏం. ఏదో పెద్ద సభలో, పదిమంది డాక్టర్ల ముందు, ఎవడో లేచి పేజీ 212 చూపించి, ప్రొఫెసర్ మొహం నల్లబడే రోజు కోసం చూశాను. ఆ సభలో వెనక వరసలో నేను కూర్చుని ఉన్నట్టు కూడా ఊహించుకునేవాణ్ణి. ఏ చొక్కా వేసుకోవాలో కూడా అనుకున్నాను. సభలు చాలా జరిగాయి. ఎవడూ లేవలేదు.

ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఆ చొక్కా ఎప్పుడో చిరిగిపోయింది.

క్రీము వల్ల హాని లేదు. ఊరికే రాసుకుంటే ఏమవుతుంది? ఇంకో వారం చూస్తారు, డాక్టరమ్మకే అనుమానం వస్తుంది.

జూన్ 26, గురువారం

రాలేదు.

"క్రీముకి లొంగలేదు, మొండి రకంలా ఉంది," అంది డాక్టరమ్మ. సోమవారం నుంచి ఆరు వారాలు మాత్రలు. కాలేయం మీద పనిచేసే మందు కాబట్టి ముందు రక్తపరీక్ష, మధ్యలో మళ్ళీ ఒకటి. పిచ్చుక నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"రక్తం ఎంత తీస్తారు?"

"ఇంత చిన్న సీసాడే తల్లీ."

"చూసుకున్నాక మళ్ళీ ఇచ్చేస్తారా?"

డాక్టరమ్మ నవ్వింది. కోడలు నవ్వలేదు. ఈ నెల సెలవులన్నీ అయిపోయాయి దానికి. రిజిస్టరులో ఎర్రగీత పడింది.

అప్పుడు నేను నోరు విప్పాను. "డాక్టరమ్మా, పొట్టు లేదు కదా. కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తే?"

"తాతగారూ, మీరేం చేసేవారు?"

"ఫొటోలు తీసేవాణ్ణి."

"ఓ," అంది.

ఆ 'ఓ' నాకు కొత్త కాదు. విభాగంలో ప్రతి సంవత్సరం కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లందరి నోటా విన్నాను. ఒళ్ళు మండింది. మండితే నా నోరు పడిపోతుంది, చిన్నప్పటినుంచీ అంతే. అయినా ఒక్కటి అడిగాను. "ఆ పుస్తకం మీద అంత నమ్మకమా?"

"భలేవారే. మేమంతా ఈ పుస్తకం చూసే నేర్చుకున్నాం. బొమ్మలు ఇంత బాగా ఇంకెందులోనూ ఉండవు."

జూన్ 27, శుక్రవారం

మేమంతా, అంది.

జూన్ 28, శనివారం

పిచ్చుకని తీసుకుని ప్రొఫెసర్ ఇంటికి వెళ్ళాను. కోడలికి పార్కుకని చెప్పాను. రెండు బస్సులు మారాలి. దారి పొడుగునా ఏం మాట్లాడాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఇన్నేళ్ళుగా కూర్చుకుంటున్నవే. కొన్ని నిజంగా బాగుంటాయి.

ఎనభై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళూ పోయాయి, వెలుగు మాత్రం తెలుస్తుందట. కిటికీ పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఆయన కూతురు, జుట్టు నెరిసిన మనిషి, నన్ను లోపలికి తీసుకెళ్ళింది.

"ఎవరూ?"

"నేను సార్. ఫొటోలు..."

"కెమెరా! ఇంకా ఉన్నావుటోయ్?"

"మీరుండగా నేనెలా పోతాను సార్."

నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇదిగో, ఇలా మాట్లాడేటప్పుడు 'సార్' దానంతటదే వస్తుంది. డైరీలో మాత్రమే 'నవ్వాడు' అని రాయగలను.

పిచ్చుక చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని వలయం చుట్టూ వేలికొన నడిపించాడు, అంధులు అక్షరాలు చదివినట్టు. మధ్యలో నొక్కాడు. గోటితో మెల్లగా గీరి, గీరిన వేలు తన బొటనవేలికి రుద్దుకుని చూశాడు.

"దురదా?"

"లేదు. కానీ స్కూల్‌కి రానివ్వట్లేదు," అంది పిచ్చుక.

"అది వాళ్ళ దురదలే. ఇంకెక్కడైనా ఉందా?"

కాలు ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టేసింది. చీలమండ తడిమాడు. నిమిషం పట్టలేదు.

"తామర కాదు. గ్రాన్యులోమా యాన్యులేర్. అంటుకోదు, ఏం చెయ్యక్కర్లేదు. ఏడాదికో రెండేళ్ళకో దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే పోతుంది. తామరని ఏ గాడిద చెప్పాడు?"

"మీ పుస్తకం సార్. పేజీ 212."

ఆయన చెయ్యి పిల్ల కాలి మీద అలాగే ఆగిపోయింది. కాసేపటికి కూతుర్ని పిలిచి, "బీరువా అడుగున గోధుమరంగు కవరుంటుంది, తే," అన్నాడు. పిచ్చుకని హాల్లో చేపలతొట్టి చూడమని పంపాడు.

కవరులో నేను కడిగిన ప్రింట్లు. ముప్పై ఆరేళ్ళయినా పసుపెక్కలేదు. నీళ్ళలో ఎంతసేపు ఉంచాలో తెలిసినవాడి పని.

"పై బొమ్మా కింది బొమ్మా తారుమారైందని ఎప్పుడు తెలిసింది సార్?"

"మొదటి కాపీ చేతికొచ్చినరోజే."

"మరి చెప్పలేదే?"

"ఫొటోలు కూడా నేనే తీశానని ముందుమాటలో రాసుకున్నాను కదయ్యా. నీ ఫొటో నువ్వే గుర్తుపట్టలేదా అంటే ఏం చెప్పను?" ఇంత మామూలుగా అన్నాడు. ఇన్నేళ్ళు నేను ఎదురుచూసిన ఒప్పుకోలు, మంచినీళ్ళు అడిగినట్టు అనేశాడు. "నువ్వెందుకు చెప్పలేదు?"

"నా పేరు లేదు కదా సార్."

హాల్లో పిచ్చుక చేపలకి ఏదో చెప్తూ ఉంది.

"వస్తావనుకున్నానోయ్," అన్నాడు. "తిట్టడానికైనా వస్తావని ఏడాదిపాటు చూశాను. నువ్వొస్తే ఇద్దరం కలిసి దిద్దేవాళ్ళం. పోను పోను అలవాటైపోయింది."

ఇవాళ్టికి చాలు. చెయ్యి నొప్పిగా ఉంది.

జూన్ 29, ఆదివారం

నిన్న రాయకుండా వదిలేసింది ఒకటుంది.

ఆ రెండు ప్రింట్లూ వెనక్కి తిప్పాను. నీలం పెన్సిల్‌తో నంబర్లు ఉన్నాయి. 212 పై, 212 కింద. గోళ్ళు కొరుక్కునే పిల్లాడి వెనక 'పై' అని ఉంది. పై బొమ్మ తామరని ప్రొఫెసర్ జాబితాలో రాసిచ్చాడు, ఆ సంగతి నాకు తెలుసు. జాబితా నా ఎదురుగానే ఉండేది.

ప్రెస్సువాళ్ళు ఏం చేస్తారు. ప్రింటు వెనక ఏం రాసుంటే అది వేస్తారు.

ఆ చేతిరాత నాది. నా 2 అంకె ఎప్పుడూ కాస్త పడుకున్నట్టుంటుంది. ఇప్పుడు రాసిన తేదీలో చూసినా కనిపిస్తుంది.

"నీదే కదూ?" అన్నాడు ప్రొఫెసర్. కళ్ళులేని మనిషి. నేను ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో దాన్నిబట్టి తెలిసి ఉంటుంది. నేను ప్రింట్లు కవరులో పెట్టేశాను. ఆయన రెట్టించలేదు.

తర్వాత ఉత్తరం. ప్రెస్సుకి ఒకటి, డాక్టరమ్మకి ఒకటి. పేజీ 212లో బొమ్మలు తారుమారయ్యాయని ఆయన చెప్తుంటే కూతురు రాసింది. కింద రెండు పేర్లు పెట్టాలన్నాడు.

"నీది ముందు పెట్టవోయ్. బాకీ ఉంది కదా."

"తప్పొప్పుకునే కాగితంలోనా సార్? వద్దు, పెద్దవారు, మీరే ముందుండండి."

కూతురు తల అడ్డంగా ఊపి రెండు పేర్లూ ఒకే వరసలో రాసింది.

ఇవాళ కోడలికి మొత్తం చెప్పాను. పిచ్చుకకి తల దువ్వుతోంది. దువ్వుతూనే వింది.

"ఆరోజు క్లినిక్‌లో డాక్టరమ్మ బొమ్మ చూపించినప్పుడు, మీకు తెలుసా?"

"తెలుసు."

"పక్క కుర్చీలో కూర్చుని."

"ఊఁ."

"రేపు దీనికి సూది గుచ్చేవాళ్ళు మామయ్యా."

జడ చాలా గట్టిగా వేసింది. పిల్ల కుయ్యోమంటే విప్పి మళ్ళీ మొదట్నుంచి వేసింది.

జూన్ 30, సోమవారం

డాక్టరమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. అప్పుడు చెయ్యి గీకి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది. ఏమీ లేదు. ఎవరో చర్మం డాక్టరుకి ఫోన్ చేసి, ఫొటో పంపి, చాలాసేపు మాట్లాడింది. మాత్రల చీటీ చింపేసింది. సర్టిఫికెట్ రాసి కోడలి చేతికిచ్చింది. "నా పొరపాటు. మొదటి రోజే గీకి చూడాల్సింది," అంది కోడలితో. ఎవరూ అడక్కుండానే అంది. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో.

పుస్తకం తెరిచి పేజీ 212లో పేర్లు కొట్టేసి పెన్నుతో దిద్దింది. తర్వాత మొదటి పేజీ తిప్పింది.

"ఈ బొమ్మలన్నీ మీరు తీసినవా తాతగారూ?"

"అవును."

"మీ పేరు లేదే?"

"లేదు."

ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి ఎవరో ఆ పేజీ చూసి ఆ మాట అడిగారు. సంతోషం కలగాలి. ఆమె నా వంక చూడటం లేదు. దిద్దిన పేజీ వంకే చూస్తోంది. "నేనే ఎంతమంది పిల్లలకి రాసిచ్చానో," అంది నెమ్మదిగా. "ఎంతమందిని స్కూలు మానిపించానో."

కోడలు పిల్లని ఎత్తుకుని బయటికి నడిచింది. అయిదేళ్ళ పిల్ల, నడవగలదు.

జూలై 2, బుధవారం

పిచ్చుక స్కూలుకి వెళ్ళింది. రెండో బెంచి గోడ పక్క చోటు ఖాళీగానే ఉందట. రిబ్బను పిల్ల అక్కడ తన సంచి పెట్టి కాపాడిందట, ఇరవై రోజులు. కొందరు అలాంటివాళ్ళు ఉంటారు కాబోలు.

స్కూలయ్యాక ఇంటికి రాలేదు. డిపో పక్కన ఉద్యోగుల పిల్లలకి ఒక గది ఉంది, ఆయా ఉంటుంది, ఇక నుంచి కోడలి డ్యూటీ అయ్యేదాకా అక్కడే.

"మీకెందుకు శ్రమ మామయ్యా," అంది కోడలు. ఇంత మర్యాదగా అది నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. భోజనం గిన్నెల మీద మూతలు పెట్టి వెళ్ళింది. ఏ గిన్నెలో ఏముందో చీటీ కూడా రాసింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చదువుకోవడానికి వీలుగా ఉందని అనుకున్నాను. ఒక్క పేజీ కదల్లేదు. నేను చదివిన నవలల్లో నాలాంటి ముసలివాళ్ళు ఆఖరి అధ్యాయంలో మారిపోతారు. అవి రాసినవాళ్ళు వయసులో ఉండి ఉంటారు.

సాయంత్రం పిల్ల పడక్కుర్చీ ఎక్కి వాళ్ళ అమ్మని అడిగింది, "తాత తప్పు చేశాడా?" అని. కోడలు నావైపు చూసి, "మీరే చెప్పండి, ఎవరిది తప్పు?" అంది.

"ఇద్దరిదీ," అన్నాను. "నాదీ, ఆ పెద్దాయనదీ." పిచ్చుక సరేనంది. కోడలు కూడా తలూపింది. మంచి జవాబు.

ఇది మాత్రం ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. రెండువందల పధ్నాలుగు ప్రింట్లకి ఒక్క మధ్యాహ్నంలో నంబర్లు వెయ్యమన్నది ఎవరు? ప్రెస్సువాడు గుమ్మంలో నిలబడ్డాడని నా నెత్తిన కూర్చున్నది ఎవరు? పేరు వేస్తానని ఆశపెట్టకపోతే అన్నంనీళ్ళు మాని ఆ పని చేసేవాణ్ణా? పేరు వేసి ఉంటే ఆ మర్నాడే పరిగెత్తుకెళ్ళి తప్పు చెప్పేవాణ్ణి కదా? చెప్పేవాణ్ణి. తప్పకుండా చెప్పేవాణ్ణి.

తప్పు చేసినవాళ్ళలో రెండో పేరు, నాది, రాద్దామని ఇందాకటినుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పేజీలో చోటుంది.

ప్రొఫెసర్. ఆయనదే.